మందు (వాడుక పదం)

మందు అనేది తెలుగు భాషలో ఔషధము అనే ప్రధానార్థం కలిగిన ఒక నామవాచకము. వాడుక భాషలో ఈ పదము మద్యానికి, అందులోనూ ముఖ్యంగా సీసాలలో అమ్మబడే విస్కీ, బ్రాందీ, రమ్ము వంటి వాటికి పర్యాయపదంగా ఉపయోగించబడుతుంది. వ్యవసాయంలో రసాయనిక ఎరువులను, పురుగులను చంపే రసాయనాలను, కలుపును నివారించే రసాయనాలను కూడా మందు అనే పిలుస్తారు. ఇందువలన ఒకే వాక్యము పరస్పర సంబంధం లేని మూడు నాలుగు సంఘటనలను సూచించే అవకాశం ఉన్నది. కరీంనగర్ జిల్లాలోని చొప్పదండి వంటి వ్యవసాయ ప్రాంతాలలో "మందు తాగిండు" అన్న మాట జ్వరానికి వైద్యం తీసుకున్నాడని చెప్పవచ్చు, మద్యం సేవించాడని చెప్పవచ్చు, లేదా పురుగుల మందు తాగి ప్రాణాపాయంలో ఉన్నాడని చెప్పవచ్చు. ఈ మూడింటిలో ఏది ఉద్దేశించబడిందో వెంటనే గ్రహించటం కొన్ని సందర్భాలలో ప్రాణం నిలబెట్టే విషయం అవుతుంది.

పద వ్యుత్పత్తి

మందు ద్రావిడ భాషలలో విస్తృతంగా కనిపించే పదము. తమిళంలో దీనికి సమానమైన పదం మరుందు, మలయాళంలో మరున్ను, కన్నడంలో మద్దు. ఈ అన్ని భాషలలోనూ దీని మూలార్థం ఔషధమే. తెలుగులో తుపాకి మందు, మందుగుండు అన్నట్లే కన్నడంలో మద్దు అన్న పదానికీ పేలుడు పదార్థమనే అర్థం ఉన్నది. తమిళంలో వెడిమరుందు అంటే పేలుడు మందు. ఒక పొడిని లేదా ద్రవాన్ని ప్రత్యేకమైన పాళ్ళలో కలిపి తయారు చేసినపుడు, అది కొద్ది పరిమాణంలోనే బలమైన ఫలితాన్ని చూపినపుడు దానిని మందు అనటం ఈ భాషలలో సహజంగా జరిగిన అర్థవ్యాప్తి అని చెప్పవచ్చు.

"మద్యము" అనే పదానికి, "మందు" అనే పదానికి ధ్వనిలో పోలిక ఉన్నప్పటికీ వ్యుత్పత్తిలో సంబంధం లేదు. మద్యము సంస్కృత పదము; మత్తు కలిగించుట అనే అర్థం గల "మద్" ధాతువు నుండి ఏర్పడినది.

ప్రధాన అర్థాలు

తెలుగులో మందు అనే పదానికి ఈ క్రింది అర్థాలు వాడుకలో ఉన్నాయి.

1. ఔషధము: దగ్గు మందు, కంటి మందు, నాటు మందు, పసరు మందు. హైదరాబాదులో మృగశిర కార్తె నాడు ఉబ్బస రోగులకు బత్తిన వంశస్థులు ఇచ్చే చేప మందు ప్రసిద్ధి చెందినది.
2. స్పృహను తగ్గించే పదార్థము: మత్తు మందు. ఇది శస్త్రచికిత్సకు ముందు ఇచ్చేది కావచ్చు, నిషేధించబడిన మాదకద్రవ్యం కావచ్చు.
3. పేలుడు పదార్థము: తుపాకి మందు, మందుగుండు, మందుపాతర. ఉత్తర తెలంగాణ జిల్లాలలో నక్సలైటు ఉద్యమం బలంగా ఉన్న సంవత్సరాలలో మందుపాతర అనే మాట పత్రికలలో తరచుగా కనిపించేది.
4. ఎరువు: మందు సంచి, అడుగు మందు.
5. పురుగులను, తెగుళ్ళను, కలుపును నివారించే రసాయనము: పురుగుల మందు, తెగుళ్ళ మందు, గడ్డి మందు.
6. వశీకరణకు లేదా కీడు చేయుటకు ఆహారంలో కలిపి పెట్టినట్లు నమ్మబడే పదార్థము. ఇది ప్రజల విశ్వాసానికి సంబంధించిన అర్థము.
7. మద్యము.

వీటిలో ఏడవ అర్థము వ్యావహారికానికే పరిమితము. ప్రభుత్వ ఉత్తర్వులలో, పాఠ్యపుస్తకాలలో మద్యం అనే పదమే వాడబడుతుంది. పత్రికలలో మాత్రం "మందుబాబులు" వంటి సమాసాల రూపంలో ఈ అర్థం స్థిరపడింది.

మద్యానికి ఈ పేరు

మద్యాన్ని ఔషధం పేరుతో పిలవటం తెలుగుకు మాత్రమే పరిమితమైన విషయం కాదు. పారసీక భాషలో దారూ అంటే ఔషధము. అదే పదము హిందీ, మరాఠీ, ఉర్దూ భాషలలోకి వచ్చి మద్యమనే అర్థాన్ని పొందింది. మరాఠీలో దారూ అనే పదానికి మద్యము, పేలుడు మందు అనే రెండు అర్థాలూ ఉన్నాయి. అనగా ఔషధము, తుపాకి మందు, మద్యము అనే మూడు అర్థాలు ఒకే మాటలో కలియటం తెలుగు మందు విషయంలోనూ, పారసీక దారూ విషయంలోనూ ఒకే రీతిగా జరిగింది. 1948 వరకు హైదరాబాదు సంస్థానంలో భాగంగా ఉన్న తెలంగాణలో ఉర్దూ పాలనా భాషగా ఉండేది. ఆసుపత్రికి దవాఖాన, మద్యంపై పన్ను వసూలు చేసే శాఖకు ఆబ్కారీ శాఖ అనే పేర్లు ఆ కాలం నుండి వచ్చినవే. ఆబ్కారీ అనే మాటలో "ఆబ్" అంటే నీరు.

వైద్య చరిత్ర కూడా ఈ పేరుకు అనుకూలంగానే ఉన్నది. ఆయుర్వేదంలో ద్రాక్షాసవము, దశమూలారిష్టము వంటి ఆసవాలు, అరిష్టాలు పులియబెట్టి తయారు చేయబడే ఔషధాలు. వీటిలో స్వయంగా పుట్టిన ఆల్కహాలు కొంత శాతం ఉంటుంది. ఐరోపాలో బట్టీ పట్టిన మద్యాన్ని "జీవజలం" అని పిలిచేవారు. విస్కీ అనే పేరు అదే అర్థం గల గేలిక్ మాట నుండి వచ్చింది. బ్రాందీని చలికి, నీరసానికి ఇచ్చే అలవాటు ఇరవయ్యవ శతాబ్దంలో కూడా కొనసాగింది.

పొరుగు భాషలలో మద్యాన్ని సూటిగా చెప్పకుండా వేరే వస్తువు పేరుతో చెప్పే పద్ధతి కూడా ఉన్నది. తమిళ వాడుకలో సరుకు అనే అర్థం గల "సరక్కు", కన్నడ వాడుకలో నూనె అనే అర్థం గల "ఎణ్ణె" మద్యానికి మారుపేర్లు. తెలుగు మందు కూడా ఈ కోవకు చెందినదే. అయితే సరుకు, నూనె అనే మాటలకు లేని ఒక గుణం మందు అనే మాటకు ఉన్నది. అది వినేవారికి మేలు చేసే వస్తువు అనే భావనను కలిగిస్తుంది. "తాగుడు", "తాగుబోతు" అనే మాటలలో నింద ఉన్నది. "మందు" అనే మాటలో ఆ నింద లేదు. అందుచేత అలవాటును తప్పుపట్టేవారు తాగుడు అంటారు. ఆహ్వానించేవారు మందు అంటారు.

ఏది మందు, ఏది కాదు

తెలంగాణ వాడుకలో మత్తు కలిగించే పానీయాలన్నీ మందు అనబడవు. తాటి చెట్టు నుండి, ఈత చెట్టు నుండి తీసే కల్లును కల్లు అనే అంటారు. "కల్లు తాగిండు", "మందు తాగిండు" అనేవి రెండు వేర్వేరు వాక్యాలు. కల్లు కులవృత్తికి, పండుగకు, గ్రామదేవతలకు సాక పోయుటకు సంబంధించినది కావటం చేత దానికి మారుపేరు అవసరం లేకపోయిందని భావించవచ్చు. ఆదిలాబాదు అటవీ ప్రాంతంలో ఇప్పపువ్వు నుండి తీసే ఇప్పసారాకు, బెల్లం నుండి దొంగచాటుగా కాచే గుడుంబాకు కూడా తమ స్వంత పేర్లే ఉన్నాయి.

మద్య విధానంలో వచ్చిన మార్పులు ఈ విభజనను మరింత స్పష్టం చేశాయి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మహిళలు ప్రారంభించిన సారా వ్యతిరేక ఉద్యమం రాష్ట్రమంతటా వ్యాపించింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1993 అక్టోబరు 1 నుండి సారాను నిషేధించింది. 1995 జనవరి 16 నుండి సంపూర్ణ మద్యనిషేధం అమలులోకి వచ్చి, 1997లో సడలించబడింది. కాని సారా దుకాణాలు మాత్రం తిరిగి తెరవబడలేదు. దీనితో అనుమతి గల దుకాణాలలో లభించే ఘాటైన మద్యం సీసా మద్యం ఒక్కటే అయినది. మందు అనే మాట ప్రధానంగా దీనికే వర్తిస్తుంది. దీని కొలతలకు కూడా వాడుక పేర్లు ఉన్నాయి: 90 మిల్లీలీటర్లను నైంటీ, 180 మిల్లీలీటర్లను క్వార్టరు, 375 మిల్లీలీటర్లను హాఫ్, 750 మిల్లీలీటర్లను ఫుల్లు అంటారు.

కొద్ది మోతాదును సూచించుటకు చుక్క అనే మాట వాడతారు. ఇది తెలంగాణ ఉచ్చారణలో "సుక్క" అవుతుంది. మాంసపు ముక్కతో కలిపి "సుక్క, ముక్క" అనటం విందుకు గుర్తు. చుక్క అనే మాట కూడా పరిమాణాన్ని తగ్గించి చూపేదే అని గమనించవచ్చు.

వ్యాకరణ విశేషాలు

మందు అనే పదం ఏ అర్థంలో వాడబడిందో దాని వచనాన్ని, దానితో కలిసిన క్రియను, చతుర్థీ విభక్తితో వచ్చిన పదాన్ని బట్టి చాలావరకు నిర్ణయించవచ్చు.

వచనము: మద్యమనే అర్థంలో ఈ పదం ఏకవచనంలోనే ఉంటుంది. "మందులు" అనే బహువచనం ఔషధాలను లేదా వ్యవసాయ రసాయనాలను మాత్రమే సూచిస్తుంది. "మందుల దుకాణం" అంటే ఔషధాలు అమ్మే చోటు. "మందు దుకాణం" అంటే మద్యం అమ్మే చోటు. ఒక్క అక్షరం తేడాతో రెండు వేర్వేరు వ్యాపారాలు సూచించబడుతున్నాయి.

క్రియలు: ఉదాహరణలు కరీంనగర్ ప్రాంతపు మాండలికంలో ఇవ్వబడ్డాయి.

మందు కొట్టుట: "పత్తికి మందు కొట్టిండు" అంటే పైరుపై పురుగుల మందు పిచికారి చేశాడని అర్థం. "దోస్తులతోని మందు కొట్టిండు" అంటే మద్యం తాగాడని అర్థం. పైరు పేరు "కు" ప్రత్యయంతో రాకపోతే శ్రోత రెండవ అర్థాన్నే తీసుకుంటాడు.

మందు వేయుట: "మక్కకు మందు ఏసిండు" అంటే మొక్కజొన్నకు ఎరువు వేశాడు. "కంట్ల మందు ఏసింది" అంటే కంటి చుక్కలు వేసింది. "రాత్రి మందేసిండు" అంటే మద్యం తాగాడు.

మందు పోయుట: "పిల్లకు మందు పోసింది" అంటే పసిబిడ్డకు ఔషధం తాగించింది. "ఓట్లప్పుడు మందు పోసిన్రు" అంటే ఎన్నికలలో మద్యం పంచారు.

మందు పెట్టుట: "దెబ్బకు మందు పెట్టింది" అంటే గాయానికి లేపనం రాసింది. "ఆయనకు ఎవరో మందు పెట్టిన్రు" అంటే వశీకరణ లేక విషప్రయోగం జరిగిందనే అనుమానం. ఈ క్రియతో మద్యమనే అర్థం రాదు.

మందు చల్లుట: ఎరువు విషయంలో వాడతారు. మద్యమనే అర్థం రాదు.

మందు వాడుట: వైద్యానికి సంబంధించినది. సాధారణంగా "మందులు వాడుతున్నడు" అని బహువచనంలో వస్తుంది.

మందు తాగుట: ఔషధము, మద్యము, పురుగుల మందు అనే మూడు అర్థాలకూ ఇదే క్రియ. ఇక్కడ వచనము, విభక్తి సహాయం చేయవు.

"మందు తాగిండు" - అర్థ సందిగ్ధత

వరి, మొక్కజొన్న, పత్తి పండించే చొప్పదండి ప్రాంతంలో ఔషధము, మద్యము, పురుగుల మందు అనే మూడు వస్తువులూ ఒకే ఇంటిలో ఉండటం సాధారణము. అందువలన "మందు తాగిండు" అని విన్నవారు మొదట అడిగే ప్రశ్న "ఏం మందు?" అనేది. చెప్పేవారి స్వరము, చెప్పిన సమయము, ఆ ఇంటి పరిస్థితి ఈ ప్రశ్నకు కొంత సమాధానం ఇస్తాయి. ఆందోళనతో, పేరు తరువాత వెంటనే "మందు తాగిండు" అంటే పురుగుల మందు అనే అర్థము. నిట్టూర్పుతో లేదా నవ్వుతో అంటే మద్యమనే అర్థము. పత్రికలు ఈ సందిగ్ధత లేకుండా "పురుగుల మందు తాగి" అని పూర్తి సమాసాన్ని వాడతాయి.

ఈ సందిగ్ధత మూడు విధాలుగా ప్రమాదకరము.

మొదటిది, లక్షణాల పోలిక. సేంద్రియ భాస్వర వర్గానికి చెందిన పురుగుల మందు శరీరంలోకి వెళ్ళినపుడు వాంతులు, చెమటలు, తూలటం, మాట తడబడటం, స్పృహ తగ్గటం కనిపిస్తాయి. వీటిలో చాలా లక్షణాలు అతిగా మద్యం తాగినవారిలో కూడా ఉంటాయి. అంతేకాక, ఆత్మహత్యకు ప్రయత్నించినవారిలో కొందరు అంతకుముందు మద్యం కూడా తాగి ఉంటారు. మద్యం వాసన రాగానే ఇంటివారు "మందు తాగి పడుకున్నడు" అనుకొని వదిలివేస్తే విలువైన సమయం పోతుంది. నోటి నుండి నురగ లేక అధికంగా లాలాజలం రావటం, కళ్ళ నుండి నీరు కారటం, కంటిపాప సూదిమొనంత చిన్నదిగా మారటం, కండరాలు అదరటం, శ్వాస కష్టం కావటం పురుగుల మందు వైపు సూచించే లక్షణాలు.

రెండవది, మందుల మధ్య భేదము. సేంద్రియ భాస్వర పురుగుల మందుకు అట్రోపిన్ వంటి విరుగుడు ఉన్నది. కొన్ని గడ్డి మందులకు అటువంటి ప్రత్యేకమైన విరుగుడు లేదు. కొన్ని గడ్డి మందుల విషయంలో మొదటి రోజు మనిషి బాగానే ఉన్నట్లు కనిపించి, తరువాత మూత్రపిండాలు, ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. కాబట్టి "మందు తాగిండు" అని మాత్రమే చెబితే వైద్యునికి చాలదు. డబ్బా మీద ఉన్న పేరు కావాలి.

మూడవది, నిల్వ చేసే పద్ధతి. మిగిలిన పురుగుల మందును ఖాళీ మద్యం సీసాలో పోసి ఉంచటం వలన దానిని మద్యమని భ్రమించి తాగిన ప్రమాదాలు జరుగుతాయి. ఒకే పేరు గల రెండు వస్తువులకు ఒకే సీసా కూడా తోడైనపుడు పొరపాటు సులభమవుతుంది. పురుగుల మందును దాని అసలు డబ్బాలోనే, పేరు చీటీ చెరిగిపోకుండా, తాళం వేసిన చోట ఉంచటం దీనికి నివారణ.

అనుమానం కలిగినపుడు చేయవలసిన పనులు ఇవి: ఆలస్యం చేయక 108 వాహనాన్ని పిలవటం, ఉప్పునీరు తాగించి గాని, గొంతులో వేళ్ళు పెట్టి గాని వాంతి చేయించకుండా ఉండటం, మందు పడిన బట్టలు తీసి ఒంటిని నీటితో కడగటం, స్పృహ తగ్గిన మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టటం, మందు డబ్బాను లేదా దాని పేరు చీటీని ఆసుపత్రికి వెంట తీసుకువెళ్ళటం. మనోవేదనలో ఉన్నవారు, వారి కుటుంబసభ్యులు 2022లో భారత ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ సహాయ కేంద్రానికి 14416 నంబరుపై ఉచితంగా మాట్లాడవచ్చు.

వైద్యుని వద్ద ఈ పదము

ఆసుపత్రులలో వైద్యులు రోగిని "మందు తాగుతావా?" అని సాధారణంగా సూటిగా అడగరు. "ఏమైనా అలవాట్లు ఉన్నాయా?" అని అడుగుతారు. రోగి కూడా "అప్పుడప్పుడు కొద్దిగా తీసుకుంట" అని జవాబిస్తాడు. ప్రశ్నలోనూ, జవాబులోనూ మద్యం పేరు రాదు. ఇది మర్యాదకు సంబంధించిన పద్ధతియే అయినా నష్టం కలిగించే అవకాశమున్నది. జ్వరానికి వాడే పారాసెటమాల్, మధుమేహానికి వాడే కొన్ని మాత్రలు, నిద్రమాత్రలు మద్యంతో కలిసినపుడు హాని చేస్తాయి. "సుక్క" అన్నది నైంటీయా, క్వార్టరా, ప్రతి దినమా, వారానికి ఒకసారా అనే వివరం వైద్యునికి అవసరము.

"మందు" ఔషధమా?

పేరు ఔషధానిదే అయినా మద్యం ఔషధం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ 1988లోనే మద్యపానాన్ని మానవులలో క్యాన్సర్ కలిగించే కారకాలలో మొదటి వర్గంలో చేర్చింది. మద్యపానంలో ఆరోగ్యానికి హాని లేని మోతాదు అంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో ప్రకటించింది. ఒంటి నొప్పులకు, నిద్రకు, చలికి మందు పనిచేస్తుందనే నమ్మకం శ్రమ చేసేవారిలో బలంగా ఉన్నది. మద్యం కొద్దిసేపు నొప్పిని మరపించినా నిద్ర నాణ్యతను తగ్గిస్తుంది. చర్మంలోని రక్తనాళాలను వెడల్పు చేయుట చేత వెచ్చదనం అనిపించినా, వాస్తవానికి శరీరం వేడిని కోల్పోతుంది.

కల్లు విషయంలో మందు అనే మాటకు ఇంకొక అర్థం కూడా ఉన్నది. "మందు కలిపిన కల్లు" అంటే క్లోరల్ హైడ్రేట్, ఆల్ప్రజోలమ్, డయాజిపామ్ వంటి మత్తు పదార్థాలు కలిపిన కల్లు. దీనికి అలవాటు పడినవారు ఒక్కసారిగా మానితే వింత ప్రవర్తన, ఫిట్స్ వంటి లక్షణాలు కలుగుతాయి. 2025 జూలైలో హైదరాబాదులోని కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు మరణించారు.

మందు మాన్పించే మందు

"తాగుడు మానుటకు మందు ఇవ్వబడును" అనే ప్రకటనలు గోడల మీద, బస్సుస్టాండ్లలో కనిపిస్తాయి. మద్యపాన వ్యసనానికి వైద్యశాస్త్రంలో చికిత్స ఉన్నది. డైసల్ఫిరామ్ అనే మందు 1940వ దశకం చివరి నుండి వాడుకలో ఉన్నది. దీనిని తీసుకున్న మనిషి మద్యం తాగితే వాంతులు, గుండెదడ, రక్తపోటు పడిపోవటం జరుగుతాయి. ఈ కారణంగానే రోగికి తెలియకుండా అన్నంలోనో, చాయలోనో కలిపి పెట్టటం ప్రాణాపాయము. చాలాకాలంగా ప్రతిదినమూ ఎక్కువగా తాగేవారు వైద్యుని పర్యవేక్షణ లేకుండా ఒక్కసారిగా మానివేసినా చేతులు వణకటం, ఫిట్స్ రావటం, మతి తప్పటం జరగవచ్చు. ఇది మానరాదని చెప్పటానికి కారణం కాదు, వైద్యుని సహాయంతో మానవలసినదని చెప్పటానికి కారణము.

సామెత

"మనోవ్యాధికి మందు లేదు" అనేది తెలుగువారందరికీ తెలిసిన సామెత. ఇందులో మందు అంటే ఔషధము. మద్యాన్ని సమర్థించేవారు బాధ మరవటానికి తాగుతున్నామని చెప్పటం కద్దు. ఆ మాటను ఈ సామెత పక్కన ఉంచి చూస్తే, పదంలోని రెండు అర్థాలలో దేనిని తీసుకున్నా సామెత చెప్పినది నిజమే అవుతుంది: మద్యం మనోవ్యాధికి మందు కాదు. అయితే మూలార్థంలో మాత్రం సామెత ఇప్పుడు పూర్తిగా వర్తించదు. దిగులు వ్యాధి, మద్యపాన వ్యసనము రెండూ నేడు చికిత్స గల వ్యాధులే. ఆ చికిత్స మందు దుకాణంలో కాక దవాఖానలో దొరుకుతుంది.